ఊలు చిలప

మా దీవిలో దారి ఒక్కటే,
అదీ ఒక్క బండి పట్టేంత.
ఎవరెదురొచ్చినా ఒకరు పక్కకి ఒదగాలి,
స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించాలి.
ఉత్తరాల వ్యానులో నేను
రోజంతా ఆ వేలు ఎత్తుతూనే ఉంటాను.

జేబులో పేజరు.
అది మోగితే ఉత్తరాలు సీట్లోనే ఉండిపోతాయి,
వెనక పెట్టెలోంచి గుండె యంత్రం దిగుతుంది.
నాలుగు శనివారాల శిక్షణ, ఒక సర్టిఫికెట్టు,
ప్లాస్టిక్ బొమ్మ ఛాతీ మీద నేర్చిన లెక్క.
బొమ్మకి పేరు లేదు.
దాని భార్య నాకెన్నడూ టీ ఇవ్వలేదు.

ఫెరఖర్‌కి పేరుంది.
ఎండ్రకాయల బోనులు అల్లేవాడు.
నాకు ఏడు పౌన్లు బాకీ.
నవంబరు మంగళవారం, వాళ్ళ వంటింటి నేల మీద.
కుక్కని పక్క గదిలో పెట్టి తలుపేశాం,
అది గీకుతూనే ఉంది.
యూనా మొగుడికని అల్లిన నీలం స్వెట్టరు
మెడ నుంచి అంచుదాకా కత్తిరించింది నేనే.
కత్తెర ఒక ముడి దగ్గర ఆగింది.
ఆ ముడి గుర్తుంది. మిగతాది
ఎవరో చెప్పగా విన్నట్టుంటుంది.

డాక్టర్ ఇష్‌బెల్ వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు.
ఒక బూటు నలుపు, ఒకటి గోధుమ రంగు.
హెలికాప్టరు పొగమంచు పైన
జోరీగలా రెండు చుట్లు తిరిగి
వచ్చిన దారినే పోయింది.
"ఇంక చాలు" అందామె.
నా చేతులు వినలేదు.
పొంగే పాల మీద నీళ్ళు చిలకరించినట్టు
తన చేతులు నా చేతుల మీద ఉంచింది.
గడియారం చూసి టైము చెప్పింది.
యూనా లేచి కెటిల్ పెట్టింది.
ఎవరికెంత పంచదారో అడక్కుండానే తెలుసు ఆవిడకి.

ఆ తర్వాత మూడుసార్లు చూశాను,
పడమటి మలుపులో, బళ్ళు ఒదిగే చోట
డాక్టరు కారు.
దీపాల్లేవు. వైపర్లు ఆడుతున్నాయి.
వాన ఎప్పుడో ఆగింది.
నేను వేలెత్తాను. ఆమె చూడలేదు.
తొమ్మిదింటికి క్లినిక్కు తెరవాలి,
మొదటి పేషెంటు ఫెరఖర్ తమ్ముడు, మోకాలి నొప్పి.
సహకార కొట్లో రొట్టెల వరసలో
ఫెరఖర్ తల్లి వెనకే నిలబడాలి,
ముసలావిడ వెనక్కి తిరిగి
"నిద్ర పడుతోందా తల్లీ" అంటే
ఏదో ఒకటి చెప్పాలి.

నాకైతే ఒక ఫారం వచ్చింది, ఆఫీసు నుంచి:
ఈ సంఘటన మిమ్మల్ని ఎంత బాధించింది,
ఒకటి నుంచి అయిదులోపు.
మూడు వేశాను.
నా కవరు నేనే సంచిలో వేసుకుని
నేనే రేవుకి చేర్చాను.

ఇక కార్డులు మొదలయ్యాయి.
మొదటి వారం నలభై,
రెండో వారం పదకొండు,
ఆ పైన కరెంటు బిల్లు, పోయినవాడి పేరు మీదే.
కుక్క మొరగకముందే
పెట్టెలో పడేసి పరిగెత్తేవాణ్ణి,
ఇచ్చేవాణ్ణి కాదు, ఎత్తుకుపోయేవాణ్ణన్నట్టు.

ఫిబ్రవరిలో యూనా గుమ్మంలోనే నిలబడి ఉంది.
సంతకం కావలసిన పార్శిలేదీ లేదు.
"లోపలికి రా. చేతులు కావాలి" అంది.

బల్ల మీద ఆ స్వెట్టరు.
సగం విప్పేసింది.
కత్తెర తెంపిన ప్రతి వరసకీ ఒక ముడి,
ముడి వెనక ముడి.
"ఉతికి ఆరేస్తే వంకర్లు పోతాయి. చాపు."

చాపాను.
కుర్చీ కాళ్ళు సరిగ్గా ఆ చోటే.
ఎడమ చేతి మీంచి కుడి చేతికి
నీలం దారం చుట్టుకుంటూ పోయింది,
ముడి తగిలినప్పుడల్లా మణికట్టుకి తెలుస్తోంది.
అలవాటుకొద్దీ లెక్క పెట్టాను, ముప్పై దాకా,
మళ్ళీ ఒకటి నుంచి.
పెదాలు కదిలాయేమో,
"ఎన్నయ్యాయి?" అంది.
"లెక్క తప్పాను."
"తప్పనీ" అంది.

బయట వ్యానులో తొమ్మిదిళ్ళ ఉత్తరాలు.
కుక్క వచ్చి నా బూటు మీద గడ్డం ఆనించింది.
బల్ల మీద పేజరు.
ఇద్దరం దాని వైపు ఒకసారి చూశాం.

స్వెట్టరుకి ఇంకా
ఒక చెయ్యి విప్పాల్సి ఉంది.